మార్పులు చేయించిన పాత కారుకు విశాఖలో పొల్యూషన్ పరీక్ష: ఎలా సిద్ధం చేయాలి

కోన్ ఫిల్టరు, ఫ్రీ ఫ్లో సైలెన్సరు, పెద్ద జెట్లు (కార్బొరేటరులో పెట్రోలు వచ్చే చిన్న రంధ్రాల ముక్కలు), మార్చిన క్యామ్‌షాఫ్టు వంటివి బిగించిన పాత కారు ఉన్నవారికి పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడుతుందంటే కొంత గుబులు సహజమే. కొందరు ఏమవుతుందో చూద్దామని నేరుగా పెట్రోలు బంకు పక్కనున్న పొల్యూషన్ వ్యాను దగ్గరకు వెళ్లి, తప్పాక మెకానిక్ దగ్గరకు పరుగెడతారు. మరికొందరు కారును ఇంట్లోనే ఉంచి కాగితం మాత్రం తెప్పించుకునే దారి వెతుకుతారు. రెండోది నేరం, మొదటిది డబ్బు దండగ. పరీక్ష యంత్రం చూపించే రెండు మూడు అంకెలు ఇంజనులో మంట ఎలా మండుతోందో చెప్పే రక్తపరీక్ష నివేదిక వంటివి కాబట్టి, వాటిని చదవడం నేర్చుకుంటే ఏ మార్పును వెనక్కి తీసుకోవాలో, దేన్ని అలాగే ఉంచుకోవచ్చో మీకే తెలుస్తుంది.

నా దగ్గర ఉన్నది 1997 నాటి కార్బొరేటరు (గాలినీ పెట్రోలునూ కలిపే భాగం) ఉన్న మారుతి జెన్, ఏపీ 31 నంబరు బండి. దాన్ని ప్రతి ఆరు నెలలకూ పరీక్షకు తీసుకువెళ్లిన అనుభవంతో, ఆ మధ్యలో చేసిన తప్పులతో సహా, ఈ పద్ధతిని రాస్తున్నాను.

మొదట మీ కారుకు ఏ పరిమితి వర్తిస్తుందో తెలుసుకోండి

స్పానరు పట్టుకోకముందే ఆర్‌సీ పట్టుకోండి. అన్ని పెట్రోలు కార్లకూ ఒకే పరిమితి ఉండదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 115వ నియమం కారు ఏ ఉద్గార ప్రమాణానికి తయారైందో చూసి పరిమితిని నిర్ణయిస్తుంది. భారత్ స్టేజ్ 2కు ముందు తయారైన పెట్రోలు కార్లకు ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటరు నొక్కకుండా ఇంజను నడుస్తున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడు 3 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు) 1,500 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు) దాటకూడదు. భారత్ స్టేజ్ 2, 3 కార్లకు ఈ అంకెలు 0.5 శాతం, 750 పీపీఎం. భారత్ స్టేజ్ 4 కార్లకు 0.3 శాతం, 200 పీపీఎం మాత్రమే. పైగా వాటికి ఇంజనును 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి మరోసారి కొలుస్తారు, అక్కడ కార్బన్ మోనాక్సైడు 0.2 శాతం లోపు, లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. లాంబ్డా అంటే ఇంజనుకు అందిన గాలికీ, ఆ పెట్రోలు పూర్తిగా కాలడానికి కావలసిన గాలికీ ఉన్న నిష్పత్తి. అది ఒకటి అయితే తూకం సరిపోయినట్టు.

దేశమంతటా స్టేజ్ 2 అమలైనది 2005 ఏప్రిల్‌లో, స్టేజ్ 3 అమలైనది 2010లో, స్టేజ్ 4 అమలైనది 2017 ఏప్రిల్‌లో. అయితే తయారీ సంవత్సరం ఒక్కటే చూసి లెక్క కట్టకండి. ఢిల్లీ, హైదరాబాద్ వంటి నగరాల్లో స్టేజ్ 4 ప్రమాణం 2010లోనే వచ్చింది కాబట్టి, 2012లో హైదరాబాద్‌లో కొన్న కారుకూ అదే ఏడాది విశాఖలో కొన్న కారుకూ పరిమితులు వేరు కావచ్చు. నౌకాదళ ఉద్యోగులు బదిలీ మీద వస్తూ వెంట తెచ్చుకున్న కార్లు, ఢిల్లీలో పదిహేనేళ్ల నిబంధన కారణంగా చవగ్గా అమ్ముడుపోయి ఇక్కడికి చేరిన కార్లు మన ఊళ్లో తక్కువేమీ లేవు. అటువంటి కారు కొన్నవారు ఈ సంగతిని తప్పక చూసుకోవాలి. పెట్రోలు కారుకు పదిహేనేళ్లు, డీజిలు కారుకు పదేళ్లు అనే ఆ నిబంధన ఢిల్లీ పరిసరాలకే గాని విశాఖకు వర్తించదు. ఆ భయంతో మంచి బండిని తుక్కుకు ఇచ్చేయకండి.

ఇంకొక చిక్కు ఉంది. పాత పుస్తకం ఆర్‌సీలను కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఉద్గార ప్రమాణం గడి ఖాళీగా మిగలడమో, తప్పుగా పడడమో జరిగి ఉండవచ్చు. పరీక్షా కేంద్రం వాహన్ (రవాణా శాఖ కంప్యూటరు రికార్డు) వివరాలను ఆధారం చేసుకుంటుంది కాబట్టి, మీ కార్బొరేటరు కారు పొరపాటున స్టేజ్ 2గా నమోదై ఉంటే దానికి 3 శాతం బదులు 0.5 శాతం గీత గీస్తారు. కార్బొరేటరు బండిని ఆ గీత లోపల ఉంచడం దాదాపు అసాధ్యం. ఎంపరివాహన్ యాప్‌లో ముందే చూసుకుని, తప్పుంటే మాధవధారలోని రవాణా కార్యాలయంలో సరిచేయించుకోండి. పరీక్ష సమయంలో ఓటీపీ వస్తుంది కనుక ఆర్‌సీలో మీ ఇప్పటి మొబైల్ నంబరు ఉందో లేదో కూడా అదే రోజు చూసుకోండి. రెండో చేతి కార్లలో చాలా వాటికి ఇంకా పాత యజమాని నంబరే ఉంటుంది.

తరువాత మార్పులను రెండు కుప్పలుగా విడదీయండి

చేయించిన మార్పులన్నీ ఒక కాగితం మీద రాసి, పొగను మార్చేవి ఒక పక్క, మార్చనివి ఒక పక్క పెట్టండి. అల్లాయ్ చక్రాలు, సీట్లు, సస్పెన్షన్ వంటివాటితో ఈ పరీక్షకు పనిలేదు. అయితే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసిందని గుర్తుంచుకోండి. ఇంజనే మార్చినట్టయితే ఆ సంగతిని 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలిపి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. గ్యాసు కిట్టు బిగించినవారు అది ఆమోదం పొందిన కిట్టే అయి ఉండాలని, ఆర్‌సీలో ఇంధనం గడిలో ఆ మాట ఉండాలని చూసుకోవాలి.

ఇక పొగను మార్చే కుప్ప. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, నేనూ దెబ్బతిన్నాను. మొదటిసారి నా కారు 5 శాతానికి పైగా కార్బన్ మోనాక్సైడు చూపించి తప్పినప్పుడు, ఒక గ్యారేజీలో మెయిన్ జెట్టు పెద్దది కావడమే కారణమని చెప్పి దాన్ని మార్చారు. మళ్లీ వెళితే అంకె దాదాపు కదలలేదు. కారణం ఆలోచిస్తే చాలా సులభం: స్టేజ్ 4కు ముందటి కార్లను ఐడిలింగ్‌లో మాత్రమే కొలుస్తారు, ఐడిలింగ్‌లో పెట్రోలు వచ్చేది స్లో జెట్టు దారిలో గాని మెయిన్ జెట్టు దారిలో కాదు. బండి పికప్ కోసం మెయిన్ జెట్టు ఒక సైజు పెంచుకున్నవారు దాన్ని పరీక్ష కోసం విప్పనక్కరలేదు. చూడవలసినవి స్లో జెట్టు, ఐడిలింగ్‌లో మిశ్రమాన్ని సరిచేసే మిక్చరు స్క్రూ, ఫ్లోటు (కార్బొరేటరులో పెట్రోలు మట్టాన్ని కాచే తేలే ముక్క) ఎత్తు, ఆ ఫ్లోటుతో మూసుకునే నీడిల్ వాల్వు. నా కారులో చివరికి దొరికిన దొంగ ఫ్లోటే. అది కాస్త ఎత్తుగా కూర్చుని, ఐడిలింగ్‌లో కూడా పెట్రోలు పొంగుతూ ఉండేది.

కోన్ ఫిల్టరు కూడా ఐడిలింగ్‌లో పెద్దగా తేడా చూపదు. తేడా చూపేది దాన్ని బిగించినవారు వదిలేసిన గొట్టాలు. కంపెనీ ఫిల్టరు డబ్బా తీసేసినప్పుడు ఇంజను ఊపిరి గొట్టాన్ని కిందకు వేలాడదీసి, చిన్న వాక్యూమ్ పైపులను మూయకుండా వదిలేస్తే, అటునుంచి దొంగగాలి లోపలికి చేరి మిశ్రమం పలుచబడి ఇంజను మిస్సింగ్ కొడుతుంది. ఆ గొట్టాలన్నీ ఎక్కడివక్కడ కలపండి.

ఫ్రీ ఫ్లో సైలెన్సరు విషయం వేరు. మన ఊళ్లో బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు వైపు ఆరుబయట నిలిపే కార్లకు ఉప్పుగాలి వల్ల సైలెన్సరు అతుకులు తొందరగా చిల్లులు పడతాయి. ఆ చిల్లుల్లోంచి బయటి గాలి లోపలికి వెళ్లి పొగలో కలవడంతో, ఆక్సిజన్ సెన్సరున్న కార్లలో, చిల్లు సెన్సరుకు దగ్గరగా ఉంటే, ఇంజను కంప్యూటరు మోసపోయి, మిశ్రమం పలుచగా ఉందనుకుని పెట్రోలు పెంచుతుంది. అంటే తుప్పు పట్టింది గొట్టానికైతే తప్పు చూపేది ఇంజను మీద. కారు నడుస్తుండగా వెనక గొట్టాన్ని తడిగుడ్డతో ఒక్క క్షణం మూసి పట్టుకుంటే, ఎక్కడ చిల్లుందో అక్కడ బుస్సుమని వినిపిస్తుంది. ఇది ఇంజను వేడెక్కకముందే, చేతికి మందపాటి తొడుగు వేసుకుని, ఆరుబయట చేయండి.

పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు తీసేసి ఖాళీ గొట్టం పెట్టించుకున్నవారికి మాత్రం నా దగ్గర అడ్డదారి లేదు. తూకం సరిగ్గా ఉన్న ఎంపీఎఫ్ఐ (కార్బొరేటరు బదులు కంప్యూటరు చెప్పినట్టు పెట్రోలు చిమ్మే) ఇంజను నుంచి కూడా కన్వర్టరుకు ముందు అర శాతం, అంతకంటె కాస్త ఎక్కువ కార్బన్ మోనాక్సైడు వస్తుంది; దాన్ని దాదాపు సున్నాకు దించేది కన్వర్టరే. అది లేని స్టేజ్ 3 కారు 0.5 గీత దగ్గర ఊగిసలాడుతుంది, స్టేజ్ 4 కారు తప్పుతుంది. సెన్సరుకు మేకులాంటి అడాప్టరు తొడిగి కంప్యూటరును మభ్యపెట్టడం వల్ల డ్యాష్‌బోర్డు మీద లైటు ఆరుతుందేమో గాని పొగ మారదు, యంత్రం కొలిచేది పొగను. పాత కన్వర్టరును అటక మీద దాచి ఉంటే దించి బిగించండి. అమ్మేసి ఉంటే కొత్తది కొనక తప్పదు. కంప్యూటరును రీమ్యాప్ చేయించినవారు, అంటే దానిలోని పెట్రోలు లెక్కలను మార్పించినవారు, పాత ఫైలును భద్రపరచమని ట్యూనరును ముందే అడిగి ఉంటే, దాన్ని తిరిగి ఎక్కించుకోవచ్చు.

పెద్ద క్యామ్‌షాఫ్టు అన్నింటికంటె మొండిది. అందులో ఇన్‌టేక్, ఎగ్జాస్టు వాల్వులు కొంతసేపు రెండూ కలిసి తెరుచుకుని ఉండడం వల్ల ఐడిలింగ్‌లో కాలని పెట్రోలు నేరుగా బయటకు పోయి హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. 1,500 పరిమితి ఉన్న పాత కారులో ఇది గట్టెక్కవచ్చు, 200 పరిమితి ఉన్న కారులో గట్టెక్కదు.

అంకెలను చదివి మరమ్మతు చేయండి

పరీక్షకు వారం ముందే గ్యాసు ఎనలైజరున్న గ్యారేజీలో ఒకసారి కొలిపించండి. గాజువాక ఆటోనగర్‌లో, అక్కయ్యపాలెం, కంచరపాలెం వైపు పాత కార్ల పని తెలిసిన మెకానిక్కులు ఉన్నారు; యంత్రం ఉందా అని ముందే ఫోను చేసి అడిగి వెళ్లండి. ఆయన మిక్చరు స్క్రూ తిప్పుతుండగా అంకె ఎలా కదులుతోందో పక్కన నిలబడి చూడడం వందసార్లు చదివినదానికి సమానం.

కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా ఉందంటే మిశ్రమం చిక్కగా ఉందని, అంటే పెట్రోలుకు తగ్గ గాలి అందడం లేదని అర్థం. చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, ఫిల్టరు మూసుకుపోవడం, ఫ్లోటు ఎత్తు కావడం కార్బొరేటరు కారులో కారణాలు. వన్‌టౌన్ వైపు ఉండేవారి ఫిల్టర్లు మిగతావాటికంటె తొందరగా నల్లబడతాయని గమనించాను. ఎంపీఎఫ్ఐ కారులో అయితే ముసలిదైపోయిన ఆక్సిజన్ సెన్సరునూ, ఇంజను వేడెక్కినా చల్లగానే ఉందని చెప్పే ఉష్ణోగ్రత సెన్సరునూ, తెరిచినది తెరిచినట్టే ఉండిపోయిన థర్మోస్టాటునూ అనుమానించండి.

హైడ్రోకార్బన్లు ఎక్కువగా ఉండి, కార్బన్ మోనాక్సైడు మామూలుగా ఉంటే పెట్రోలు మండకుండానే బయటకు వస్తోందని, అంటే మిస్సింగ్ ఉందని అర్థం. ప్లగ్గులు, ప్లగ్గు తీగలు, డిస్ట్రిబ్యూటరు మూత, టైమింగు, టాపెట్లు ఈ వరుసలో చూడండి. చవకైనవి ముందు, ఖరీదైనవి వెనుక. పికప్ కోసం టైమింగును ముందుకు జరిపి ఉంటే కంపెనీ గుర్తు దగ్గరకు తిరిగి తీసుకురండి, ఎందుకంటే అలా జరిపినప్పుడు పొగ చల్లబడి, మిగిలిపోయిన పెట్రోలు గొట్టంలో కాలే అవకాశం పోతుంది. ఇవన్నీ చేసినా తగ్గకపోతే కంప్రెషన్ కొలిపించండి; వాల్వు కాలినా, రింగులు అరిగినా మిక్చరు స్క్రూ ఎంత తిప్పినా లాభం ఉండదు.

రెండూ ఎక్కువగా ఉంటే ముందు మిశ్రమాన్ని సరిచేసి, తరువాత మళ్లీ కొలిచి, అప్పుడు ప్లగ్గుల సంగతి చూడండి. ఒకేసారి నాలుగూ మారిస్తే ఏది పనిచేసిందో వచ్చేసారికి తెలియదు.

ఈ మధ్య కొత్తగా చేరిన చిక్కు ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బొరేటరులో అదే జెట్టుతో మిశ్రమం మునుపటికంటె పలుచబడుతుంది. చిక్కగా పెట్టుకున్న బండికి ఇది మేలే చేసి కార్బన్ మోనాక్సైడును తగ్గిస్తుంది. అప్పటికే పలుచగా ఉన్న బండి మాత్రం మిస్సింగ్ కొట్టి హైడ్రోకార్బన్లను పెంచుతుంది. కాబట్టి ఏళ్ల కిందట మెకానిక్ పెట్టి ఇచ్చిన స్క్రూ స్థానం ఇప్పుడు సరైనదని నమ్మకండి. పాత రబ్బరు పైపులను కూడా ఇదే అదనుగా మార్పించండి. ఇథనాల్‌కు అవి మెత్తబడి పగులుతాయి.

డీజిలు కారు ఉన్నవారికి కొలత వేరు. స్టేజ్ 4కు ముందటి డీజిలు కార్లకు పొగ సాంద్రత 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, స్టేజ్ 4 కార్లకు 50 యూనిట్లు దాటకూడదు. గేరు లేకుండా యాక్సిలరేటరును ఒక్కసారిగా నొక్కి, పలుమార్లు కొలుస్తారు. ట్యూనింగ్ బాక్సు తగిలించినవారు దాన్ని తీసేసి, ఎయిర్ ఫిల్టరు మార్చి, ఇంజెక్టర్లు పరీక్షింపజేయాలి. ఇంజను అంత గట్టిగా రేసయ్యే పరీక్ష కాబట్టి టైమింగ్ బెల్టు గడువు దాటిన కారును అక్కడికి తీసుకువెళ్లడం ప్రమాదం. ముందు బెల్టు మార్పించండి.

పరీక్ష రోజున

చల్లని ఇంజనుతో వెళ్లకండి. కన్వర్టరు పనిచేయడం మొదలుపెట్టేది సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడి దగ్గర. నేను మద్దిలపాలెంలో బయలుదేరి, హనుమంతవాక దాటి, ఎండాడ ఎత్తు ఎక్కించి మధురవాడ వరకు ఒక గేరు తక్కువలో నడిపి తిరిగివస్తాను. ఆ ఎత్తు ఇంజనుకు మంచి పని పెట్టి, గొట్టంలో పేరుకున్న మసినీ నీటినీ కూడా తోసేస్తుంది. నూనె పాతబడి ఉంటే రెండు రోజుల ముందే మార్చండి, ఎందుకంటే చిక్కని మిశ్రమంతో నడిచిన ఇంజను నూనెలో పెట్రోలు కలిసి ఉంటుంది, అది ఆవిరై ఊపిరి గొట్టం ద్వారా మళ్లీ ఇంజనులోకే చేరుతుంది.

ఉదయాన్నే వెళ్లండి. వరుస పొడవుగా ఉంటే ఐడిలింగ్‌లో ఇరవై నిమిషాలు నిలబడవద్దు, కన్వర్టరు చల్లారిపోతుంది; మీ వంతు ఎప్పుడో అడిగి మరో చుట్టు తిరిగి రండి. ప్రోబు (పొగను పీల్చి కొలిచే కడ్డీ) పెట్టే ముందు ఏసీ, లైట్లు ఆపి, ఇంజనును 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒకటి రెండు నిమిషాలు నిలిపి, తరువాత కంపెనీ చెప్పిన ఐడిలింగ్‌కు రానివ్వండి. ప్రోబు గొట్టంలోకి కనీసం అడుగు లోతు వెళ్లాలి. వెడల్పాటి ఫ్రీ ఫ్లో నోరున్న కార్లలో అది పైపైనే వేలాడితే బయటి గాలి కలిసి కొలత తప్పుగా వస్తుంది. అంకె తక్కువగా వచ్చింది కదా అని సంతోషించకండి, లాంబ్డా కొలిచే కారు అదే కారణంతో పరీక్ష తప్పుతుంది.

తప్పితే గొడవపడకుండా తిరస్కరణ చీటీ అడిగి తీసుకోండి. 2021లో వచ్చిన కొత్త నమూనా ప్రకారం పరిమితి ఎంతో, మీ కారు చూపినది ఎంతో ఆ చీటీలో ఉంటుంది. మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లవలసినది ఆ చీటీనే. సర్టిఫికెట్ లేకుండా పట్టుబడితే చట్టంలో 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది, కనుక గడువుకు కనీసం పదిహేను రోజుల ముందే ఈ పని మొదలుపెట్టండి.

పదిహేనేళ్లు నిండుతున్న కారైతే

సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, తరువాత ఐదేసి ఏళ్లకు పొడిగిస్తారు. గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో 10,000 అయింది. హరిత పన్ను అదనం. ఇక్కడ కారు మొత్తాన్ని తనిఖీ చేస్తారు కాబట్టి పొగ ఒక్కటే సరిపోదు: ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీతో కలవాలి, రంగు కలవాలి, సైలెన్సరు మోత హద్దులో ఉండాలి, ప్రెషర్ హారన్ ఉండకూడదు. ఛాసిస్ నంబరు మీద తుప్పును ముందే కిరసనాయిలు గుడ్డతో నెమ్మదిగా తుడిచి ఉంచండి. గీకితే అంకె చెడి, కొత్త తలనొప్పి మొదలవుతుంది. ఈ ఒక్క సందర్భానికైనా కంపెనీ సైలెన్సరును తిరిగి బిగించి వెళ్లమని నా సలహా.

సర్టిఫికెట్ చేతికి రాగానే నంబరు ప్లేటు ఫోటో, ఇంధనం, ప్రమాణం సరిగ్గా ఉన్నాయో అక్కడే చూడండి. స్టేజ్ 4, ఆ తరువాతి కార్లకు అది ఏడాది, అంతకు ముందటివాటికి ఆరు నెలలు చెల్లుతుంది. నేను ప్రతిసారి వచ్చిన అంకెలను, అప్పటి కిలోమీటర్లను, మిక్చరు స్క్రూ ఎన్ని చుట్లు తెరిచి ఉందో కారులోని సర్వీసు పుస్తకం వెనక పేజీలో రాసుకుంటాను, కిందటిసారి కార్బన్ మోనాక్సైడు 1.8 ఉన్నది ఈసారి 2.4 అయితే, తప్పకముందే మళ్లీ ఫ్లోటు వైపు చూస్తాను.